తొమ్మిదో గడి

1959 జూన్‌లో నన్ను నెల్లూరికి సర్వీస్ రిప్రజెంటేటివ్‌గా వేశారు. కార్ల కమాను పట్టీలు విరిగిన విషయమై అక్కడ మొదటి రెండున్నరేళ్లలో నేను సంతకం పెట్టిన రిపోర్టుల్లో ఒక్కటీ నిజం కాదు. ఇది ఎవరో పట్టుకుని బయటపెట్టిన సంగతి కాదు, నేనే ఒప్పుకుంటున్నాను. అంతకంటే సిగ్గుపడవలసింది ఇంకొకటి ఉంది. ఆ అబద్ధాలు రాసినంత కాలమూ నలుగురికీ ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను. సాయంత్రం ఇంటికి పోయి కాళ్లు కడుక్కుని, ఉపకారం చేసినవాడికి పట్టినంత ఆకలితో అన్నం తిన్నాను.

కంపెనీ పేరు చెప్పను. ఆ రోజుల్లో మన దేశంలో కార్లు తయారుచేసేవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఊరు చెప్పినా పేరు చెప్పినట్టే. కనక హెడ్డాఫీసు అని మాత్రం అంటాను. మాకు ఊరూ, పేరూ, దేవుడూ అన్నీ అదే.

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద మా డీలరు పెంచలరెడ్డిగారికి ఒక షోరూమూ, దాని వెనక రేకుల షెడ్డులో వర్క్‌షాపూ ఉండేవి. షోరూము అనడమే గానీ అందులో చూపించడానికి కారు ఉండేది కాదు. అడ్వాన్సు కట్టి ఏళ్ల తరబడి వరసలో ఉన్నవాళ్లు అంతమంది ఉంటే, వచ్చిన కారు టైర్లు చల్లారకముందే వెళ్లిపోయేది. నేను డీలరు మనిషిని కాను, కంపెనీ మనిషిని. నా పైన ఏరియా సర్వీస్ ఇంజనీరు, ఆయన పైన సర్వీస్ మేనేజరు, ఆ పైన డైరెక్టర్లు. డైరెక్టర్లకు కారుతో పరిచయం వెనక సీటు నుంచే. వాళ్లలో ఒకరు చక్కెర వ్యాపారం నుంచి, ఇంకొకరు బట్టల మిల్లు నుంచి వచ్చారు. అందరూ యజమాని కుటుంబానికి దగ్గరవాళ్లు. కారు కింద పడుకుని పైకి చూసినవాడు ఆ బోర్డులో ఒక్కడూ లేడు. ఇక నా సంగతి. సర్వీసు అంటే ఉద్యోగమనీ, బండికి నూనె పెట్టడమనీ రెండర్థాలు. నేను రెండు చోట్లా నూనె పెట్టే బతికాను.

బండిలో ఏ భాగం విరిగినా ఫెయిల్యూర్ రిపోర్టు అనే ఫారం నింపాలి. మూడు కాపీలు. తెల్లది హెడ్డాఫీసుకు, పసుపుది ఏరియా ఆఫీసుకు, గులాబీ రంగుది డీలరు దగ్గర. అందులో తొమ్మిదో గడి ‘కారణం’. మన మాటల్లో రాయడానికి వీల్లేదు. అచ్చువేసిన నాలుగింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి: మామూలు అరుగుదల, ప్రమాదం, డ్రైవరు అజాగ్రత్త, తయారీ లోపం.

తయారీ లోపం అని టిక్కు పెడితే విరిగిన ముక్కను పార్సెలు కట్టి రైల్లో ఫ్యాక్టరీకి పంపాలి. అక్కడ ఒక కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవడానికి నాలుగు నెలలు, లేవడానికి నాలుగు నెలలు. అది లేచేదాకా కొత్త భాగం ఇవ్వరు, బండి ఇటుకల మీద నిలబడి ఉంటుంది. డ్రైవరు అజాగ్రత్త అని పెడితే, డీలరు దగ్గర స్టాకు ఉన్నరోజు అప్పటికప్పుడు, లేకపోతే వారంలో ఏరియా గోడౌను నుంచి, కొత్త భాగం వచ్చేస్తుంది. బయట బజారులో ఆ భాగాలు దొరికేవి కావు.

ఇక ఎవరైనా ఏం చేస్తారు? నేనూ అదే చేశాను. నేనొక్కణ్ణే కాదు, ప్రతి జిల్లాలో నాలాంటివాడు ఒకడు అదే టిక్కు పెట్టాడని తరవాత తెలిసింది. బండి యజమానులు నాకు దండం పెట్టేవాళ్లు. హెడ్డాఫీసులో మాత్రం ఆ తెల్లకాగితాలన్నీ కుప్పపోసి చూసుకుని, మన కారులో లోపం లేదు, ఈ దేశంలో డ్రైవర్లకే తోలడం రాదు అని తేల్చుకున్నారు.

తేల్చుకుని ఊరుకున్నా బాగుండేది. 1961లో ఒక సర్క్యులర్ వచ్చింది. డ్రైవర్లకు బుద్ధి రావడం కోసం, ‘డ్రైవరు అజాగ్రత్త’ అని రాసిన ప్రతి రిపోర్టు గులాబీ కాపీనీ వర్క్‌షాపు నోటీసు బోర్డు మీద ఒక నెలపాటు అందరికీ కనబడేట్టు ఉంచాలి. కింద ఒక డైరెక్టరుగారి సంతకం. నేను బోర్డు కొనిపించి, ఆకుపచ్చ గుడ్డ వేయించి, గుండుసూదులతో గులాబీ కాగితాలు తగిలించాను. డ్రైవర్లు దానికి పాపాల పలక అని పేరు పెట్టారు. మొదట్లో నవ్వుకున్నారు. “ఏందిరా, నీ పేరు ఈ నెల గూడా గోడెక్కినాదే” అని ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకునేవాళ్లు. నేనూ నవ్వాను.

ఆ పలక మీద ఏడాదిలో మూడుసార్లు ఎక్కిన పేరు దేవదానం. అతను నెల్లూరులో ఒక మిషన్ ఆస్పత్రి కారు డ్రైవరు. నలభై దాటినవాడు, యుద్ధంలో మిలిటరీ లారీ తోలి వచ్చినవాడు. వారానికి రెండుసార్లు నర్సులను ఎక్కించుకుని బోగోలు దాకా పోయి, అక్కడ తూర్పుకు తిరిగి సముద్రం ఒడ్డు పల్లెలకు తీసుకుపోయేవాడు. వచ్చేటప్పుడు కాన్పు కష్టమైన ఆడవాళ్లు ఎవరైనా ఉంటే అదే కారులో తెచ్చేవాడు.

1962 మొదట్లో ఒకనాడు అలా ఒకామెను తెస్తుండగా వెనక కమాను మెయిన్ పట్టీ విరిగింది. కమాను అంటే బండి బరువు మోసే స్ప్రింగు, ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. అన్నిటికంటే పొడుగైన పై పట్టీ మెయిన్ పట్టీ. అది విరిగితే వెనక ఇరుసు పక్కకు జరిగిపోయి బండి పీతలా నడుస్తుంది. దేవదానం కారు ఆపి, ఎద్దులబండి మాట్లాడి ఆమెను ట్రంకు రోడ్డు చేర్చి, లారీ ఎక్కించి ఆస్పత్రికి పంపాడు. తల్లీ బిడ్డా బతికారు. నేను రిపోర్టు రాశాను. తొమ్మిదో గడిలో నా అలవాటు టిక్కే పెట్టాను. గులాబీ కాగితం పలక ఎక్కింది.

ఆ వారంలో ఆస్పత్రి సెక్రటరీగారు ఏదో పనిమీద వర్క్‌షాపుకు వచ్చి, నిలబడి, పలక మీద కాగితం చదివారు. ఆయన కొత్తగా వచ్చినవారు, కాగితాన్ని నమ్మే మనిషి. నన్ను పాత రిపోర్టులు అడిగితే మూడూ తీసి ఇచ్చాను. మర్నాడు దేవదానాన్ని పనిలోంచి ఆపి విచారణ వేశారు. తప్పు రుజువైతే ఉద్యోగంతోపాటు ఆస్పత్రి క్వార్టర్సు కూడా ఖాళీ చేయాలి. ఇంట్లో భార్యా, ముగ్గురు ఆడపిల్లలూ.

దేవదానం నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. కోపం లేదు. “ఒక్క మాట అడగొచ్చునా సార్? ఆ రోజు బండ్లో నేనూ, నర్సమ్మా, ఆ ఆడమనిషీ, వాళ్ల అత్తా ఉండాము. మీరు లేరు. నేను అజాగ్రత్తగా తోలినానని మీకెట్టా తెలిసినాది?”

అది కమాను తొందరగా రావాలని రాసిందే గానీ, నీమీద కోపంతో కాదు దేవదానం, అన్నాను.

“కమాను తొందరగానే వచ్చినాది సార్. ఉద్యోగం గూడా అంత తొందరగానే పోతా ఉండాది.”

అతను వెళ్లాక హెడ్ మెకానిక్ మస్తాన్‌ను పిలిచి, షెడ్డు మూల పడేసిన విరిగిన పట్టీలన్నీ బయటికి తీయించాను. రెండున్నరేళ్లుగా పక్కనే ఉన్నా నేను వాటిని చూడలేదు. ఫారం చూసేవాణ్ణి. పదకొండు పట్టీలు. పదకొండూ ఒకే చోట, నడిమి బోల్టు చిల్లు దగ్గర విరిగాయి. పదకొండింటి మీదా ఒకే తయారీదారు ముద్ర. మంచి ఉక్కు విరిగితే ఆ చోటు బూడిద రంగులో పట్టుగుడ్డలా నున్నగా ఉంటుంది. ఇవి గింజలు గింజలుగా మెరుస్తున్నాయి. మస్తాన్ ఒక ముక్క నా చేతిలో పెట్టి, “ఇది ఉక్కు గాదు సార్, ఇసకపల్లి ఉప్పు. పప్పులో ఏసుకోవచ్చు” అన్నాడు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మస్తాన్ భాయ్ అని అడిగాను.

“మీరు అడిగితే గదా. ఆ గడిలో టిక్కు పెట్టేది మీరాయె. నేను స్పానరు పట్టుకునేవాణ్ణి.”

కమాను పట్టీని ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి, తరవాత మళ్లీ సన్నగా వేడిచేసి నిదానంగా చల్లార్చాలి. ఆ రెండో పని చేయకపోతే ఉక్కు గట్టిగా ఉంటుంది కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. ఆ ముద్ర వేసిన తయారీదారు ఆ రెండోపని ఎగ్గొడుతున్నాడు. అతను చక్కెర డైరెక్టరుగారి బావమరిది అని ఏరియా ఆఫీసు గుమాస్తా ఒకాయన తరవాత చెప్పాడు.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఆస్పత్రికి వెళ్లి నా రిపోర్టులు అబద్ధాలని చెప్పడం ఒకటి. సంతకం పెట్టి అబద్ధం రాసినట్టు ఒప్పుకుంటే కంపెనీ నన్ను ఉంచదు. పద్ధతి ప్రకారం పోవడం రెండోది. నేను ధైర్యవంతుణ్ణి కాను గనక రెండోది పట్టుకున్నాను. దేవదానం కారు పట్టీకి కొత్త రిపోర్టు రాసి, మొదటిసారి ‘తయారీ లోపం’ దగ్గర టిక్కు పెట్టి, పదకొండు ముక్కలూ గోనెపట్టాలో కట్టి పంపాను. ఏరియా ఇంజనీరుగారు సంతకం పెట్టకుండా తిప్పి పంపారు. గడిచిన రెండున్నరేళ్లలో నెల్లూరు నుంచి తయారీ లోపం అని ఒక్క రిపోర్టూ రాలేదనీ, అన్నీ డ్రైవరు అజాగ్రత్తే అని మీ సంతకంతోనే ఉన్నాయనీ, కనక ఈ కొత్త అభిప్రాయానికి ఆధారం లేదనీ రాశారు. నా మీద సాక్ష్యం చెప్పడానికి నాకంటే పనికొచ్చే మనిషి దొరకలేదు.

విచారణ జూన్ దాకా సాగింది. ఆ లోపల హెడ్డాఫీసు ఇంకో నిర్ణయం తీసుకుంది. డ్రైవర్లకు తోలడం నేర్పడానికి సర్క్యులర్ మీద సంతకం పెట్టిన చక్కెర డైరెక్టరుగారే స్వయంగా జిల్లాలు తిరుగుతారని. నెల్లూరు, మర్నాడు ఒంగోలు, ఆ మర్నాడు గుంటూరు. ఈ మాట విని ఆస్పత్రి సెక్రటరీగారు, దేవదానం తోలడం డైరెక్టరుగారు చూసి ఏం రాసిస్తే దాని ప్రకారం తేల్చేస్తామన్నారు. అంటే దేవదానం ఇల్లూ ఉద్యోగమూ ఒక చక్కెర వ్యాపారి చేతిలో పడ్డాయి.

జూన్ నెలాఖరున ఆయన వచ్చారు. ఫ్యాక్టరీ నుంచి నేరుగా తెచ్చిన కొత్త కారు. మనిషి మర్యాదస్తుడు, తెల్ల చేతిజోళ్లు తొడుక్కున్నారు. ముందు తాను తోలి చూపిస్తాననీ, తిరుగు ప్రయాణంలో దేవదానం తోలాలనీ అన్నారు. దేవదానం పక్క సీటులో, నేను వెనక. పెన్న వంతెన దాటి బోగోలు దాకా ట్రంకు రోడ్డు. దారి పొడుగునా ఆయన పాఠం చెబుతూనే ఉన్నారు. స్టీరింగును గుడ్డును పట్టుకున్నట్టు పట్టుకోవాలి, గతుకును ముందే కనిపెట్టాలి, బండిని బతిమాలుకోవాలి. వెనక సీటు మనిషే అనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే బాగానే తోలారు. ఆ పట్టీకి అది తెలియదు.

బోగోలులో తూర్పుకు తిరిగి, సరుగుడు తోపుల మధ్య రెండు మైళ్లు పోయాక ఒక చప్టా వచ్చింది. కాలవ మీద రోడ్డు దిగి ఎక్కే చోటది. డైరెక్టరుగారు వేగం తగ్గించి, బండిని బతిమాలుతూనే దించారు. వెనక నుంచి టప్పుమని చప్పుడు. ఆ చప్పుడు నాకూ దేవదానానికీ తెలుసు. కారు పక్కకు నడవడం మొదలుపెట్టింది.

డైరెక్టరుగారు దిగి చూసి, రోడ్డు మరీ ఘోరంగా ఉందన్నారు.

“రోడ్డు నిన్న గూడా ఇట్నే ఉండింది సార్” అన్నాడు దేవదానం, చాలా మర్యాదగా.

తరవాత అతను చొక్కా విప్పి, తోపులోవాళ్లను అడిగి సరుగుడు దుంగ ముక్కొకటి తెచ్చాడు. జాకీ ఎత్తి, దాన్ని ఇరుసుకూ చట్రానికీ మధ్య ఇరికించాడు. అటుగా పోతున్న చేపలవాళ్ల దగ్గర వలతాడు తీసుకుని ఇరుసు జరగకుండా బిగించి కట్టాడు. ముప్పావు గంట పట్టింది. ఇది ఎక్కడ నేర్చుకున్నావని డైరెక్టరుగారు అడిగితే, “ఈ రకం బండే నేర్పినాది సార్, మూడుసార్లు” అన్నాడు. డైరెక్టరుగారు చేతిజోళ్లు తీసేసి, వెనక సీటులో నా పక్కన కూర్చున్నారు. దేవదానం సైకిలు వేగంతో తోలుకుంటూ సాయంత్రానికి నెల్లూరు చేర్చాడు.

ట్రావెలర్స్ బంగళాలో టీ తాగుతూ డైరెక్టరుగారు ఫారం తెమ్మన్నారు. కొత్త బండి ఇలా విరగడమేమిటి, ఇది కచ్చితంగా తయారీ లోపమే, అలాగే రాయండి అన్నారు. ఆ మాట కోసం నేను నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నాను. అయినా నా నోటి నుంచి వచ్చింది వేరే మాట. అలా రాస్తే మస్తాన్ దగ్గర ఉన్న ఒక్క పట్టీనీ మీ కారుకు వేయడానికి రూలు ఒప్పుకోదు సార్, ముక్క ఫ్యాక్టరీకి పోవాలి, కమిటీ కూర్చోవాలి, ఎనిమిది నెలలు పడుతుంది అన్నాను. ఒంగోలు డీలరు రేపు పొద్దున పూలదండలతో ఎదురుచూస్తుంటాడు. కార్ల కంపెనీ డైరెక్టరు తన కారును ఇటుకల మీద పెట్టి రైలు దిగితే బాగుండదు.

ఈ రూలు ఎవరు పెట్టారని అడిగారు. ఫైలు తెరిచి, ఆ రూలు కింద కూడా ఉన్న ఆయన సంతకం చూపించాను.

మరి ఏం రాస్తే పట్టీ వస్తుంది అన్నారు. చెప్పాను. ఆయన టీకప్పు పక్కకు జరిపి, ఏదో ఒకటి రాయండి అన్నారు. డ్రైవరు పేరు దగ్గర ఆయన పేరూ హోదా రాసి, తొమ్మిదో గడిలో ‘డ్రైవరు అజాగ్రత్త’కు టిక్కు పెట్టాను. డ్రైవరు సంతకం అన్నచోట ఆయన సంతకం పెట్టారు. మస్తాన్ గంటన్నరలో పట్టీ మార్చాడు.

మర్నాడు ఆస్పత్రి సెక్రటరీగారికి ఆ రిపోర్టు నకలూ, దానితోపాటు నా స్వహస్తంతో ఒక ఉత్తరమూ ఇచ్చాను. దేవదానం మీద నేను రాసిన మూడు రిపోర్టులూ విచారించకుండా రాసినవనీ, అవి తప్పనీ. సెక్రటరీగారు రెండూ రెండుసార్లు చదివారు. చెప్పాను గదా, కాగితాన్ని నమ్మే మనిషి. ఆ వారంలోనే దేవదానాన్ని పనిలోకి తీసుకున్నారు. ఆ ఉత్తరం సంగతి తెలిసి ఏరియా ఆఫీసు నాకు మెమో ఇచ్చి, ఏడాది ఇంక్రిమెంటు ఆపింది. తీసేస్తారనుకున్నాను, తీసేయలేదు. తీసేస్తే ఎందుకో రాయాలి, రాస్తే డైరెక్టరుగారి పేరు రావాలి.

ఇంత జరిగాక హెడ్డాఫీసు ఉక్కు మార్చిందనుకుంటారేమో. ఫారం మార్చింది. కొత్తగా అచ్చువేసిన ఫారాల్లో తొమ్మిదో గడి లేదు. కారణం అడగడమే మానేశారు. పలక సర్క్యులర్‌ను కూడా ఏ శబ్దమూ లేకుండా రద్దు చేశారు. పట్టీలు బావమరిదిగారి దగ్గర నుంచే వచ్చాయి, చప్టాల దగ్గర విరిగాయి. వరసలో జనం నిలబడి ఉన్నన్నాళ్లూ అది ఎవరికీ పట్టలేదు. ఎలాంటి కారు చేసినా కొనేవాడు ఉన్నప్పుడు మంచి కారు చేయాలని ఎవరికి తోస్తుంది? ఆ దశకం చివరికి నెల్లూరు టాక్సీవాళ్లు ఒక్కొక్కరే వేరే కంపెనీ వరసలోకి మారారు. తరవాత మా షోరూములో ఎప్పుడూ లేనిది ఒక కారు కనబడింది, రెండయ్యాయి, వాటి మీద దుమ్ము కనబడింది. పెంచలరెడ్డిగారు ట్రాక్టర్లకు మారారు. కొన్నాళ్లకు ఫ్యాక్టరీలో కార్ల షాపు మూసేశారు. మూసేటప్పుడు ఇచ్చిన ప్రకటనలో కార్మికుల తీరూ, ప్రభుత్వ విధానాలూ కారణాలని ఉంది. తయారీ లోపం దగ్గర టిక్కు లేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. కింద పనిచేసేవాడు నిజం రాస్తే సామాను ఆపి, అబద్ధం రాస్తే సామాను ఇచ్చే సంస్థకు, అడిగినన్ని అబద్ధాలు సకాలంలో అందుతాయి. వాటిని పైన కూర్చున్నవాళ్లు నమ్ముతారు. వాటిని అందించిన నాబోటివాడు, తాను మంచివాణ్ణనే అనుకుంటాడు. అప్పటి నుంచి ఏ ఉద్యోగంలో ఉన్నా, ఫారం నింపేముందు విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూసేవాణ్ణి.

ఇక ఆ గులాబీ కాపీ సంగతి. డైరెక్టరుగారు ఒంగోలుకు బయల్దేరిన పొద్దున అది నా బల్ల మీద ఉంది. పలక సర్క్యులర్ అప్పటికింకా అమల్లోనే ఉంది. పెంచలరెడ్డిగారు దాన్ని చూసి, “వద్దు నాయనా, మనకెందుకు, సొరుగులో పడేయ్” అన్నారు. సర్క్యులర్‌లో డైరెక్టర్లకు మినహాయింపు ఎక్కడుందో చూపించమన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని వెతికి, కళ్లజోడు తీసేసి లోపలికి వెళ్లిపోయారు.

కాగితాన్ని పలక నడిమధ్యన, నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు పెట్టి తగిలించాను. గూడూరు నుంచీ కావలి నుంచీ కూడా డ్రైవర్లు వచ్చి చూసిపోయారు. ఇంగ్లీషు రానివాళ్లకు దేవదానం చదివి వినిపించాడు, ఎక్కడా గొంతు పెంచకుండా. ఎన్నాళ్లు ఉంచాలన్నది కూడా సర్క్యులరే చెప్పింది: ఒక నెల. కాగితం తయారైననాటికి జూన్‌లో ఇంకా రెండు రోజులున్నాయి. వాటిని వదిలేసి, ఒకటో తారీఖు దాకా ఆగి తగిలించాను. జూలైకి ముప్పై ఒక్క రోజులు.